తుప్పు పట్టకూడదని తాగిన పొడి

నేను రొయ్యల రైతును. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది అర్థం చేసుకోవడం తేలిక. ఉప్పలగుప్తానికి అవతల మాకు రెండు చెరువులున్నాయి. మా నాన్నగారి కాలంలో అవి వరిచేలు. నాకు యాభై మూడేళ్లు. పోయిన వేసవిలో నా రెండు కిడ్నీలూ ఒకేసారి పని మానేశాయి. ఎవరూ నాకు విషం పెట్టలేదు. నేనే చెంచాతో కొలుచుకుని, పూటపూటా శ్రద్ధగా తాగాను. ఇలాంటి తెలివితేటలు నా ఒక్కడికే ఉన్నాయనుకుంటే ఇది రాసేవాణ్ణి కాదు. ఈ చుట్టుపక్కల చెరువుల మీద ఇంకొందరికి ఉంటాయన్న అనుమానంతో రాస్తున్నాను. రాస్తే నా మనసూ కాస్త కుదుటపడుతుందేమోనని ఆశ.

అంతకుముందు శ్రావణమాసంలో కొత్తపేటలో ఒక పెళ్లికి వెళ్లాం. ఫొటోగ్రాఫరు నన్నూ మా ఆవిడ అనంతలక్ష్మినీ పెళ్లికూతురి పక్కన నిలబెట్టి, లక్ష్మితో, "అమ్మా, మీ నాన్నగారిని కొంచెం ఇటు జరగమనండి" అన్నాడు. ఆవిడ నాకంటే ఐదేళ్లు చిన్నది, అంతే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. భోజనాల దగ్గర మా బావమరిది రాంబాబు, "బావగారూ, ఇకనుంచి మిమ్మల్ని నాన్నగారూ అనమంటారేటండీ" అని ఇంకోసారి అందరినీ నవ్వించాడు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడితే, పాతికేళ్లు చెరువు గట్టు మీద ఎండనీ ఉప్పుగాలినీ తిన్న ముఖం కనిపించింది. ఆ వేళ మనసు చివుక్కుమన్న మాట నిజం.

ఆ వారం నుంచి ఫోనులో వయసు గురించిన వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఒకటి చూస్తే పది వచ్చి పడతాయి. నాకర్థమైంది ఏమిటంటే, మనం పీల్చే ప్రాణవాయువే ఒంట్లోని కణాలను కొంచెం కొంచెంగా దెబ్బతీస్తుందట. కణంలో పనులన్నీ చేసిపెట్టేవి ప్రోటీన్లు. ప్రాణవాయువు వాడకంలో పుట్టే నిప్పురవ్వల్లాంటివి తగిలి అవి వంకర్లు పోతాయట, ఒకదానికొకటి అంటుకుని పనికిరాకుండా పోతాయట. కంట్లో శుక్లం రావడంలోనూ, చర్మం ముడతలు పడటంలోనూ దాని వాటా ఉందట. యాంటీ ఆక్సిడెంట్లు మధ్యలో అడ్డుపడి, ఆ దెబ్బ తాము తిని, ప్రోటీన్లను కాపాడతాయట. ఇది నా బుర్రకి చాలా తేలిగ్గా ఎక్కింది. చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ల ఇనుప చట్రాలు మా గాలికి ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి. రంగు వేస్తే కొన్నాళ్లు ఆగుతాయి. నేను తుప్పు పడుతున్నానని, నాకూ ఒక పూత పడాలని తీర్మానించుకున్నాను.

ఆ పూత మా షెడ్డులోనే ఉంది. వానలకి నీళ్లు మారినా, ప్రాణవాయువు తగ్గినా, పెంకు వదిలి మెత్తబడినా రొయ్య ఒత్తిడి పడుతుంది. అప్పుడు మేతలో సి విటమిన్ పొడి కలిపి వేస్తాం. అదీ యాంటీ ఆక్సిడెంటే. వేశాక రొయ్య గట్టిపడి చురుగ్గా తిరగడం నా కళ్లతో నేను చూశాను. మందులషాపులో బిళ్లలుగా అమ్మేదీ ఇదే కదా, నా దగ్గర కిలో ప్యాకెట్లలో ఉంది కదా అనుకున్నాను. పైగా మా సరుకు విదేశాలకు వెళ్లేది, దానికి వేసే పొడి మేలురకమే అయ్యుంటుందని ఒక ధీమా. రొయ్యలకైతే మేత తూకాన్ని బట్టి గ్రాముల లెక్కన కాటా మీద పెట్టి కలుపుతాం. నాకు మాత్రం పొద్దున ఒక చెంచాడు, సాయంత్రం ఒక చెంచాడు అని నేనే నిర్ణయించేసుకున్నాను.

ఒక్కణ్ణే తాగితే స్వార్థమవుతుందని లక్ష్మికీ మొదలుపెట్టించాను. పొడిని హార్లిక్స్ సీసాలో పోసి వంటింట్లో పెట్టాను. రోజూ రెండు గ్లాసుల మజ్జిగలో కలిపేది తనే. మొదటి వారం, "పుల్లగా ఉందండీ, పళ్లు జివ్వుమంటున్నాయి" అంది. నేను కుర్చీ లాక్కుని కూర్చుని ప్రోటీన్లు ఎలా పాడవుతాయో, వాటినెలా కాపాడుకోవాలో అరగంట చెప్పాను. చివర్లో, "ఆయ్, సరేలెండి, తాగుతాను" అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఏమీ అనలేదు. దారికొచ్చిందనుకున్నాను.

తొమ్మిది నెలలు అలా గడిచాయి. ముఖంలో తేడా ఏమీ రాలేదు గానీ, తాగుతున్నానన్న ధైర్యం వచ్చింది.

రోహిణి కార్తె ఎండలు. చెరువులో రొయ్యలు పట్టి అమ్మేసిన మర్నాటి నుంచి నాకు వాంతులు, విరేచనాలు. ఎండదెబ్బ అన్నారు, అదే అనుకున్నాను. అవి మూడురోజుల్లో తగ్గాయి గానీ ఆకలి తిరిగి రాలేదు. నోట్లో ఇనుపముక్క పెట్టుకున్న రుచి. పాదాలు పొంగి చెప్పులు పట్టడం మానేశాయి. మూత్రం తగ్గింది. నీరసానికి ఇంకో చెంచాడు పొడి ఎక్కువ వేయించుకున్నాను. ఇప్పుడు ఈ వాక్యం రాస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

అమలాపురంలో రక్తం ఇచ్చాం. ల్యాబ్‌లో ఆయన కాగితం ఇవ్వబోయి, ఆగి, రాంబాబుని పక్కకి పిలిచాడు. రాంబాబు తిరిగొచ్చి నా ముఖం చూడకుండా, "కాకినాడ వెళ్లిపోదామండీ బావగారూ, ఇట్నుంచి ఇటే" అన్నాడు. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళ్లిపోయాం. దారిలో లక్ష్మి, ఇంట్లో పాలు పొయ్యి మీదే వదిలేశానేమో అని రెండుసార్లు అంది. నేను కిటికీలోంచి గోదావరి చూశాను. చూశానంతే, ఏమీ అనిపించలేదు.

కాకినాడలో మేము వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరు ఒకావిడ. నెమ్మదిగా మాట్లాడతారు. అదే వేళ మెడలో గొట్టం పెట్టి డయాలిసిస్ మొదలుపెట్టారు. నా రక్తం ఒక గొట్టంలోంచి బయటికెళ్లి, యంత్రంలో తిరిగి, ఇంకో గొట్టంలోంచి లోపలికొస్తోంది. అందరూ తర్వాత అడిగారు, భయం వేయలేదా అని. వేయలేదు. ధైర్యం ఉండి కాదు. పంటి డాక్టరు సూది పొడిచాక దవడ మనది కాకుండా పోతుందే, నాకు మనిషంతా అలా అయిపోయింది. ఎవరో ఒకాయనకి కిడ్నీలు పోయాయి, ఆయన పక్కన కూర్చుని నేను చూస్తున్నాను.

జూన్ నెలంతా వారానికి మూడుసార్లు అదే పని. డయాలిసిస్ గది బయట ఇనుప కుర్చీల వరసలో కూర్చునేవాళ్లం. గోడ మీద టీవీలో బొమ్మలు కదులుతుండేవి, శబ్దం ఉండేది కాదు. ఎవరి క్యారేజీ వాళ్ల ఒళ్లో. రోజూ చూసుకునే ముఖాలే అయినా పేర్లు అడుక్కోం, "ఇవాళ ఎంత లాగేరండీ" అని ఒంట్లోంచి తీసిన నీళ్ల సంగతి అడుక్కుంటాం. తాగే నీళ్లు కొలతే. లక్ష్మి సీసా మూతతో కొలిచి పోసేది. ఆవిడ నా ఎదురుగా నీళ్లు తాగేది కాదు. దాహమేస్తే వరండా చివరికి వెళ్లి తాగి వచ్చేది.

చూడటానికి వచ్చినవాళ్లంతా కొబ్బరిబొండాలు తెచ్చేవారు, లేకపోతే అరటిపళ్లు. కోనసీమవాళ్లం, ఇంకేం తెస్తాం. కిడ్నీ పాడైనవాడు ముట్టుకోకూడనివాటిలో ఆ రెండూ ముందుంటాయి. మంచం కింద గెల, మంచం పక్కన బొండాలు, మధ్యలో సీసా మూతతో నీళ్లు తాగే నేను. వేరే ఎవరి విషయమైనా అయితే నవ్వేవాణ్ణే. లక్ష్మి వాటిని తీసుకెళ్లి వరండాలో వాళ్లకి పంచిపెట్టేది, వాళ్లలో తినకూడనివాళ్లని అడిగి మరీ తప్పించి.

మూడో వారంలో డాక్టరమ్మగారు మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టారు. ఈపాటికి కిడ్నీలు కొంచెమైనా తేరుకోవాలని, తేరుకోవడం లేదని, కారణం తెలియడానికి కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతామని చెప్పారు. అవి ఇక తిరిగి రాకపోతే జన్మంతా డయాలిసిస్ గానీ, ఇంకొకరి కిడ్నీ పెట్టడం గానీ తప్పదన్నారు.

"నాది ఇస్తానండీ" అంది లక్ష్మి, పక్కింటావిడకి కంద ఇస్తానన్నంత మామూలుగా.

"అక్కా, నీకేదైనా అయితే నిన్నెవరు చూస్తారు?" అన్నాడు రాంబాబు.

"నువ్వు చూద్దువుగాని."

అక్కాతమ్ముళ్లు నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. రాంబాబుది తప్పని నేను అనను. వాడికి అక్క ముఖ్యం. నేను మాత్రం ఆ వేళ నోరు తెరిచి వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. ఆవిడ కిడ్నీ ఇస్తానంటే తల ఊపాను. ఆవిడ రక్తం గ్రూపూ నాదీ ఒకటే అని తెలిసినప్పుడూ తల ఊపాను. నన్ను నేను క్షమించుకోలేనివి కొన్ని ఉన్నాయి, అందులో ఈ తల ఊపడం ఒకటి.

ముక్క పరీక్ష వచ్చింది. కిడ్నీలో మూత్రం పారే సన్నటి గొట్టాల నిండా స్ఫటికాలు ఉన్నాయట. పటికబెల్లం పలుకుల్లాంటివి, కంటికి కనిపించనంత చిన్నవి. ఆక్సలేట్ అంటారన్నారు. "ఇవి ఊరికే రావండీ. నాటుమందులేమైనా వాడేరా? పుల్లటి కాయల రసాలు? బలానికని ఏమైనా?" అని డాక్టరమ్మగారు అడిగారు. అదే ప్రశ్న మొదటిరోజు అడిగారు, మధ్యలో అడిగారు. "బీపీ బిళ్ల తప్ప ఏమీ లేదండీ" అని మూడోసారీ అదే జవాబు చెప్పాను. అబద్ధం చెప్పాలని కాదు. మా ఇంట్లో దాన్ని ఎవరమూ మందు అనుకోలేదు. దాన్ని పొడి అనేవాళ్లం.

ఆ మర్నాడు నేను యంత్రం మీద ఉన్నాను. లక్ష్మి సంచిలోంచి హార్లిక్స్ సీసా తీసి, నాకు వచ్చే కొలత నీళ్లలోనే నాలుగు గుక్కలు గ్లాసులో పోసి, చెంచాతో తిప్పుతోంది. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచీ అలా ఇస్తూనే ఉంది. నేనే తెప్పించాను. మా వరసలో ఉండే నర్సు నాగమణి అటుగా వెళుతూ ఆగింది. ఇరవై ఐదేళ్లుంటాయి. నా చేతికి సూది గుచ్చేముందు వేలితో రాసి, "చీమ కుడుతుందండీ బాబాయిగారూ" అని చెప్పి గుచ్చే పిల్ల.

"అదేటండీ పిన్నిగారూ, కలుపుతున్నారు?"

"విటమినమ్మా. మరీ నీరసంగా ఉన్నారని."

నాగమణి సీసా తీసుకుని, మూత తిప్పి, వాసన చూసింది. మళ్లీ చూసింది. "మాది కాట్రేనికోనండీ. మా నాన్న చెరువుల మీద మేత కలుపుతాడు. ఇది రొయ్యలకి వేసేది కదండీ?"

"ఆయ్, అదే. శ్రావణమాసం నుంచీ వాడుతున్నారు. పూటకో చెంచాడు."

ఆ పిల్ల మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నవ్వలేదు. గ్లాసు లక్ష్మి చేతిలోంచి మెల్లిగా తీసుకుని కిటికీలో పెట్టింది. "ఇది డాక్టరమ్మగారికి చూపించి తెస్తానండీ. అందాకా ఇవ్వకండేం" అని సీసాతో వెళ్లిపోయింది. కాకినాడ, హైదరాబాదుల్లో పుట్టి పెరిగిన నర్సయితే ఆ సీసాని హార్లిక్స్ సీసాగానే చూసి వెళ్లిపోయేది. నా ప్రాణం కాట్రేనికోనలో మేత కలిపే ఒకాయన కూతురి ముక్కు మీద నిలబడిందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

డాక్టరమ్మగారు వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను. సీసా మూత బిగించి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఎందుకు మొదలుపెట్టేరండీ?"

ప్రోటీన్ల సంగతి, తుప్పు సంగతి చెప్పాను. ఫొటోగ్రాఫరు సంగతి చెప్పలేదు.

"మీరు విన్నదాంట్లో అబద్ధం లేదండీ. ఆక్సిజన్ వల్ల ప్రోటీన్లు దెబ్బతింటాయి, యాంటీ ఆక్సిడెంట్లు కాపాడతాయి. కానీ ఆ కాపలా శరీరం తనకి తానే పెట్టుకుంటుందండీ. దానికి బయటినుంచి కావలసింది కూరల్లో, పళ్లల్లో వచ్చేస్తుంది. మీరు చెంచాలతో పోస్తే శరీరం ఎక్కడ దాచుకుంటుందండీ? బయటికి పంపెయ్యాలి. కొంత ఆక్సలేట్‌గా మారి, వెళ్లేదారిలో కిడ్నీలో పేరుకుపోయింది. ఎండాకాలంలో విరేచనాలై ఒంట్లో నీళ్లు తగ్గేసరికి ఒక్కసారిగా బిగుసుకుంది. ఇక్కడికొచ్చేకా పొడి ఆగలేదు కాబట్టి యంత్రం మీద పెట్టినా తేరుకోలేదు." ఆ వెంటనే, "మీ ఇంట్లో ఇంకెవరైనా తాగేరా?" అని అడిగారు.

మే నెలలో రావలసిన భయం అప్పుడొచ్చింది. లక్ష్మి వైపు చూశాను. తొమ్మిది నెలలు, రోజుకి రెండు గ్లాసులు. ఆవిడ కిడ్నీ నాకు పెడతారట. అది మాత్రం బాగుంటుందని ఎవరు చెప్పారు? నాది పోగొట్టుకున్నది చాలక, తనదీ నా చేత్తో నేనే పాడుచేశాను. "మా ఆవిడ కూడానండీ, నాతోపాటే" అన్నాను.

"అయితే మీరూ ఇప్పుడే రక్తం ఇవ్వండమ్మా."

"నాకెందుకండీ, నాకేం లేదండీ" అంది లక్ష్మి.

"ఇవ్వు" అన్నాను. యంత్రం మీద ఉన్న మనిషి అరవకూడదు. అరిచాను. పక్క మంచాలవాళ్లు తలలు తిప్పి చూశారు.

ఆ సాయంత్రం ఇనుప కుర్చీల్లో ఇద్దరమే కూర్చున్నాం. ఆవిడ చీర కొంగు వేలికి చుడుతూ, విప్పుతూ ఉంది. దేవుడికి మొక్కుకునే అలవాటు నాకు తక్కువ. ఆ వేళ మాత్రం నా కిడ్నీలు అడగలేదు, అవి ఎటుపోతే అటు పోనీ అనుకున్నాను. ఆవిడ కాగితం ఒక్కటి బాగా రానివ్వమన్నాను. నాగమణి డ్యూటీ దిగిపోయి కూడా ఇంటికి వెళ్లకుండా ల్యాబ్ దగ్గర నిలబడి కాగితం తెచ్చింది. "పిన్నిగారికి అంతా బాగుందండీ. ఏమీ లేదండీ" అంది.

ఎలా బాగుందో నాకర్థం కాలేదు. ఒకే సీసా, ఒకే చెంచా. ఆడవాళ్ల ఒంటితత్వం వేరేమో అన్నాను. నాగమణి వెళ్లాక లక్ష్మి మెల్లిగా అంది.

"నేను తాగలేదండీ."

"ఇవాళా?"

"ఎప్పుడూనండీ. మొదటి వారం తాగేను. కడుపులో మంట పుట్టేది. తర్వాత నా గ్లాసు పెరట్లో కరివేపాకు మొదట్లో పోసేసేదాన్ని. మీకు తాగేనని చెప్పేదాన్ని."

"మరి నాతో అనొచ్చుగా."

"అన్నానండీ, మొదటి వారంలో. మీరు కుర్చీ వేసుకుని అరగంట చెప్పేరు. మళ్లీ అంటే, దగ్గర కూర్చుని తాగించేవారండీ."

నిజమే. తాగించేవాణ్ణి. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ నాకు చెప్పి మానేసినవి తక్కువ, చెప్పకుండా మానేసినవి ఎన్నో నాకు తెలియదు. ఆవిడ నా మాట విని ఉంటే ఇద్దరం పక్కపక్క మంచాల మీద ఉండేవాళ్లం.

"నాది పారబోసినదాన్ని, మీదీ పారబోస్తే పోయేదండీ" అంటూ ఏడ్చింది. "మీరు నమ్మకంగా తాగుతున్నారు కదా అని, మీదాంట్లో ఒక్కరోజు కూడా తప్పించలేదండీ. ఇక్కడికొచ్చేకా నా చేత్తో నేనే కలిపి ఇచ్చేను." ఆవిడ చేతులు పట్టుకుని నేనూ ఏడ్చాను. ఎదురు కుర్చీలో ఉన్న పెద్దాయన తన ఒళ్లోని క్యారేజీ పక్కన పెట్టి, లేచి, టీవీ దగ్గరికెళ్లి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయన పేరు ఇప్పటికీ తెలియదు.

పొడి ఆగిన మూడు వారాలకి మూత్రం పెరగడం మొదలైంది. ఆగస్టులో డయాలిసిస్ వారానికి ఒకసారికి తగ్గింది, తర్వాత మానేశారు. మెడలో గొట్టం తీసినచోట చిన్న మచ్చ ఉంది. కిడ్నీలు పూర్తిగా రాలేదు, రావు కూడా. సగం కంటే తక్కువ పనితో నెట్టుకొస్తున్నాయి. దానితోనే జాగ్రత్తగా బతకమన్నారు. లక్ష్మి కిడ్నీ లక్ష్మి దగ్గరే ఉంది. రాంబాబు ఆవిడతో మాట్లాడుతున్నాడు. తలలో సగం ఉన్న నల్లవెంట్రుకలు కూడా ఈ ఏడాదిలో తెల్లబడ్డాయి. ఇప్పుడు ఏ ఫొటోగ్రాఫరైనా ఏమన్నా అనుకోనీ.

షెడ్డులో ఆ పొడి ఇంకా ఉంది. రొయ్యలకి కావాలి కదా. కాటా మీద తూచే కలుపుతున్నాం. ప్యాకెట్టు మీద జంతువుల మేతకు మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను ఎన్నో ఏళ్లుగా విప్పుతున్న ప్యాకెట్టే, చదివింది మొన్న. చెరువుల మీద ఉన్నవాళ్లెవరైనా ఇది చదివితే, షెడ్డులోది వంటింట్లోకి తేకండి. డాక్టరు ఏం వాడుతున్నారని అడిగితే, అది మందో కాదో మీరు నిర్ణయించకుండా సీసాతో సహా పట్టుకెళ్లి చూపించండి.

పోయిన ఆదివారం రాంబాబు ఇంటికి వెళ్లాం. వాళ్లావిడ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. నేను గ్లాసు నోటి దాకా తెచ్చుకున్నాను. లక్ష్మి తన గ్లాసులోది ఒక గుక్క తాగి, "ఉప్పు ఎక్కువుందండీ" అంది. ఒక్క గుక్కకి ఏమవుతుంది, డాక్టరమ్మగారు చెప్పిన ఉప్పు లెక్క ఇంత, పొద్దున్నుంచి నేను తిన్నది ఇంత అని మొత్తం నాలుక చివరిదాకా వచ్చింది. గ్లాసు కింద పెట్టేశాను.